సింగింగ్ బౌల్ వాయించడం ఎలా? విశాఖ ఉప్పుగాలిలో దాన్ని కాపాడుకోవడం ఎలా?

సింగింగ్ బౌల్, అంటే అంచు మీద కర్ర తిప్పితే మోగే కంచు గిన్నె, కొని తెచ్చుకున్నవాళ్ళలో చాలామందికి మొదటి రోజే ఉత్సాహం చల్లారిపోతుంది. షాపతను కర్ర అలా తిప్పగానే "ఊం..." అని మోగిన గిన్నె మన చేతిలో కటకటలాడుతుంది. గిన్నెలో ఏదో లోపం ఉందనుకుని పక్కన పెట్టేస్తారు. నేను చూసినంతవరకూ దాదాపు ప్రతిసారీ కారణం ఒక్కటే: కర్రను తేలిగ్గా, గబగబా తిప్పడం.

గంధం అరగదీసిన అలవాటున్న చేతికి ఈ విద్య సగం వచ్చినట్టే. సింహాచలంలో ఏటా చందనోత్సవానికి ముందు గంధపు చెక్కలను సానరాళ్ళ మీద అరగదీస్తారు. చెక్కను రాయికి ఆనించి, దాని మీద బరువు వేసి, నిదానంగా తిప్పాలి. తొందరపడితే చెక్క జారిపోతుంది, గంధం దిగదు. గిన్నె అంచు మీద కర్ర కూడా అలాగే నడవాలి.

ఎలాంటి గిన్నె కొనాలి?

నేర్చుకోవడానికి 12 నుంచి 15 సెంటీమీటర్ల వెడల్పు, అర కిలోకి కాస్త అటూ ఇటూ బరువు ఉన్నది బాగుంటుంది. మరీ చిన్నది కీచుమంటుంది. మరీ పెద్దదైతే చెయ్యి లాగేస్తుంది, దానికి బరువైన కర్ర కూడా కావాలి. మనకు దొరికేవాటిలో చాలావరకు నేపాల్ నుంచి వస్తాయి. సుత్తితో కొట్టి చేసిన గిన్నె ఒంటి మీద చిన్న చిన్న దెబ్బల గుంటలు కనిపిస్తాయి, నా ఓటు వాటికే.

"ఏడు లోహాలతో చేశాం, ఇందులో బంగారం, వెండి కూడా ఉన్నాయి" అంటూ ధర పెంచితే ఒప్పుకోకండి. మంచి గిన్నెలో ఉండేది ప్రధానంగా రాగి, తగరం. సుమారు 78 పాళ్ళు రాగి, 22 పాళ్ళు తగరం, అంటే మన కంచే. కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు ఉన్న బుడితి ఊరు మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. కంచు ఎలా మోగాలో మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు బాగా తెలుసు. గిన్నె కొనేముందు వేలి కణుపుతో తట్టి చూస్తారు కదా, ఇక్కడా అదే పరీక్ష. గిన్నెను అరచేతిలో పెట్టుకుని ఒకసారి తట్టండి. మోత సన్నబడుతూ చాలాసేపు సాగాలి. పగిలిన కుండలా "జర్ర్"మంటే ఎక్కడో బీట ఉన్నట్టు, దాన్ని వదిలేయండి.

పట్టుకోవడం

ఉంగరాలు, గాజులు తీసేయండి. ఎడమ అరచెయ్యి చాపి గిన్నెను మధ్యలో పెట్టుకోండి. వేళ్ళు గిన్నె గోడల మీదకు ఎక్కకూడదు. మోగేటప్పుడు అదిరేది ఆ గోడే, వేలు తగిలితే మోత అక్కడికక్కడే చస్తుంది. చిన్న గిన్నెను అయిదు వేళ్ళ కొసల మీద నిలబెట్టినా సరిపోతుంది. చెయ్యి నొప్పి పుడితే గిన్నెను చుట్టకుదురు మీద పెట్టండి. పాత నూలుచీరను మెలిపెట్టి చుట్టినా చాలు. నున్నటి బల్ల మీద నేరుగా పెడితే జారుతుంది, అడుగు టకటకమంటుంది.

తట్టి, తర్వాత తిప్పాలి

ముందు గిన్నెను మేల్కొలపండి. కర్రకు తోలు చుట్టిన వైపుతో గిన్నె బయటి గోడ మీద మెత్తగా ఒక్క దెబ్బ వేసి, మోత పూర్తిగా ఆగేదాకా వినండి. ఆ స్వరాన్ని మనసులో పెట్టుకోండి. కర్ర తిప్పుతూ మీరు వెతకాల్సింది దాన్నే.

మళ్ళీ తట్టి, మోత ఇంకా ఉండగానే కర్రను అంచు బయటివైపు ఆనించండి. కర్ర దాదాపు నిటారుగా ఉండాలి. ఇప్పుడు అంచును వదలకుండా, లోపలికి ఒత్తుతూ నెమ్మదిగా చుట్టూ తిప్పండి. మణికట్టు బిగబట్టి వేళ్ళతో తిప్పితే ఒత్తిడి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది. మోచెయ్యి మొత్తం గుండ్రంగా కదలాలి. మొదట్లో ఒక చుట్టుకు రెండు మూడు సెకన్లు పట్టినా పర్లేదు.

కర్ర అంచును పట్టుకుంటుంది, జారుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. సెకనుకు వందలసార్లు జరిగే ఈ చిన్న పట్టువిడుపులే గోడ అదిరేలా చేస్తాయి. వయొలిన్ కమాను తీగ మీద చేసే పనీ ఇదే. అందుకే మోత పెరిగే కొద్దీ మన చెయ్యి ఇంకా నిదానించాలి. అందరం దీనికి వ్యతిరేకంగా చేస్తాం. గిన్నె మోగడం మొదలవగానే సంబరపడి వేగం పెంచుతాం, అప్పుడు అదిరే గోడ కర్రను ఎగరగొట్టి కటకటమంటుంది. ఆ చప్పుడు వినగానే ఆగిపోవద్దు. ఒత్తిడి పెంచి, వేగం తగ్గించి, కర్రను కాస్త వంచి చూడండి. సన్నగా ఈల వేసినట్టు వస్తుంటే తోలు ఉన్న వైపు వాడండి, కింది స్వరం గంభీరంగా పలుకుతుంది.

చాలించాలనుకున్నప్పుడు కర్రను పక్కకు మెల్లగా తీసేసి, గిన్నెను దాని మానాన వదిలేయండి. ఆ చివరి మోతలో "వ్వా... వ్వా..." అని అలలు వినిపిస్తాయి. చేత్తో కొట్టిన గిన్నె గోడ మందం అన్నిచోట్లా ఒకేలా ఉండదు కాబట్టి, చాలా దగ్గరగా ఉండే రెండు స్వరాలు కలిసి పుట్టి అలా ఊగుతాయి. నాకు ఈ వాద్యంలో అన్నిటికంటే ఇష్టమైనది అదే.

గిన్నెలో నీళ్ళు పోసి చూడండి

పావు వంతు మంచినీళ్ళు పోసి వాయించండి. గోడకు దగ్గరగా నాలుగు చోట్ల నీరు వణుకుతుంది, ఎందుకంటే గుండ్రటి అంచు అటూ ఇటూ సాగుతూ కోడిగుడ్డు ఆకారంలోకి మారుతూ ఉంటుంది. ఇంకా ఒత్తితే చుక్కలు పైకి ఎగిరి నీటి మీద గంతులేస్తాయి. 2011లో బెల్జియం, అమెరికా శాస్త్రవేత్తలు ఇద్దరు ఈ చుక్కల మీదే పరిశోధన పత్రం ప్రచురించారు. పిల్లలకు తప్పకుండా చూపించండి. తర్వాత గిన్నెను పూర్తిగా తుడిచి ఆరబెట్టండి.

ఈ శబ్దం జబ్బులు నయం చేస్తుందని చెప్పేవాళ్ళు ఉన్నారు. నాకైతే రోజంతా పడ్డ టెన్షన్ తగ్గి ఊపిరి నిదానిస్తుంది, అంతవరకు చెప్పగలను. డాక్టర్ రాసిన మందులు మాత్రం దీన్ని నమ్ముకుని మానకండి.

ఉప్పుగాలి, చిలుము

మా ఇల్లు పెదవాల్తేరులో, సముద్రం దగ్గర్లో. గిన్నె కొన్న కొత్తలో పూజసామాను తోమినట్టే చింతపండు, ఉప్పు వేసి తోమి, సగం తడితోనే బాల్కనీలో పెట్టాను. వారం తిరక్కుండా అంచు మీద పచ్చని చిలుము చుక్కలు లేచాయి. చాలా బాధపడ్డాను. ఉప్పు కంచు మీద నిలిచిపోతే, చెమ్మ తగిలినప్పుడల్లా మళ్ళీ మళ్ళీ చిలుము పుట్టిస్తుందని తర్వాత తెలిసింది. విశాఖలో గాలే ఉప్పు, గాలే చెమ్మ. బీచ్‌లో కూర్చుని వాయించాలని అందరికీ ఉంటుంది కానీ అలల హోరులో మోత వినిపించదు, పైగా ఇసుక గీతలు పెడుతుంది.

అందుకే వాయించిన ప్రతిసారీ మెత్తటి పొడి నూలుగుడ్డతో లోపల, బయట, ముఖ్యంగా అంచు తుడవండి. వేళ్ళ చెమట కూడా మచ్చలు వేస్తుంది. సముద్రం వైపు కిటికీ దగ్గర కాకుండా అలమారలో, నూలుసంచిలో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో చుడితే చెమ్మ లోపలే ఉండిపోతుంది.

చిలుము కనిపిస్తే ఉప్పు లేకుండా చింతపండు పులుసు మాత్రమే రాసి, ఒకటి రెండు నిమిషాలకు వేళ్ళతో రుద్ది కడగండి. తీరం దగ్గర కొన్ని బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి కాబట్టి చివరిసారి తాగే నీళ్ళతో కడిగి, వెంటనే తుడవండి. స్టీలు పీచు, ఇటుకపొడి వద్దు. తొందరగా ఆరాలని పొయ్యి మీద పెట్టకండి, వేడికి కంచు గుణమే మారిపోవచ్చు. గోధుమరంగులోకి తిరిగిన పాత గిన్నెను మెరిపించాల్సిన పని లేదు, ఆ రంగు దానికి రక్షణే. అంచుకు నూనె అసలు రాయవద్దు, కర్ర పట్టు తప్పుతుంది.

ఇంత తగరం ఉన్న కంచు పెళుసు. టైల్స్ నేల మీద జారిపడితే బీట వారుతుంది, వెల్డింగ్ చేయించినా పాత గొంతు రాదు. మంచం మీదో చాప మీదో కూర్చుని వాయించడం మేలు.

చివరగా కర్ర. వానాకాలంలో తోలుకు బూజు పడుతుంది, అప్పుడప్పుడు నీడలో గాలికి ఆరనివ్వండి. నెలలు వాడాక వట్టి చెక్క వైపు అద్దంలా నునుపెక్కి, ఎంత ఒత్తినా అంచు మీద జారుతుంటుంది. సన్నరకం గరుకు కాగితంతో నాలుగుసార్లు మెత్తగా రుద్ది, పొడి దులిపి మళ్ళీ అంచుకు ఆనించండి. పట్టు తిరిగొచ్చి, ఒకటి రెండు చుట్లలోనే గిన్నె పలకడం మొదలుపెడుతుంది.