పాత డకోటాకు రంగు వేసే ముందు చేయాల్సిన పని

మామునూరు లాంటి పాత ఎయిర్‌ఫీల్డ్ దగ్గరో, వరంగల్‌లోని ఏ కాలేజీ ఆవరణలోనో ఒక డగ్లస్ డీసీ-3ని, అంటే మనవాళ్లు డకోటా అనే విమానాన్ని, ప్రదర్శనకు నిలబెట్టాలనుకునేవాళ్ల కోసం ఇది. మళ్లీ ఎగిరేలా చేయడం పూర్తిగా వేరే పని. దానికి లైసెన్సున్న ఇంజినీర్లు, పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ అనుమతులు కావాలి. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి నడిపింది ఈ డకోటాలనే. 1953లో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. మన గడ్డ చరిత్రలో భాగమైన యంత్రం ఇది, పైపూతతో సరిపెట్టడం అన్యాయం.

చాలాచోట్ల ముందు రంగు వేస్తారు. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ రంగు పొక్కులు పొక్కులుగా లేస్తుంది. లోపల నిలిచిన నీళ్లే దానికి కారణం. డకోటా ముక్కు పైకెత్తి, తోక చక్రం మీద కూర్చుంటుంది. లోపల పడ్డ ప్రతి చుక్కా తోకవైపు జారుతుంది. అందుకే తనిఖీ తోక నుంచి మొదలుపెట్టండి. నేల పలకలు విప్పి, పొట్ట అడుగున ఉన్న డ్రెయిన్ రంధ్రాలన్నీ వెతికి, మట్టితో పూడినవాటిని చెక్క పుల్లతో తెరవండి. తర్వాత బకెట్టు నీళ్లు పోసి చూడండి, ఎక్కడ నిలిస్తే అక్కడే జబ్బు. విమానాన్ని దిమ్మెల మీద సమంగా నిలబెడితే వాలు మారిపోతుంది కాబట్టి ఈ పరీక్ష మళ్లీ చేయాల్సిందే.

ముందుగా వెతకాల్సిన చోట్లు: బాత్రూమ్ కింద, బ్యాటరీ పెట్టె చుట్టూ, రెక్క బయటి భాగం మధ్య భాగానికి బోల్టులతో కలిసే అంచు, పావురాలు కూర్చునే ప్రతి చోటు. పావురాల రెట్ట అల్యూమినియాన్ని తినేస్తుంది. దాన్ని ఎండుగా గీరితే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తడిపి, మాస్కు కట్టుకుని తీయండి. గాలి వేగం కొలవడానికి పెట్టే పిటో గొట్టంలో కందిరీగలు మట్టి గూడు కడతాయి, అది కూడా చూడండి. పాత మీటర్ల డయళ్లలో చీకట్లో వెలిగే రంగు రేడియోధార్మికత ఉన్న అసలు రేడియంది అయ్యుండొచ్చు. అద్దం విప్పొద్దు, గీకొద్దు.

అల్యూమినియానికి పట్టే తుప్పు తెల్లటి పొడిలా ఉంటుంది. రేకు పొరలు పొరలుగా, పుస్తకం అంచులా విచ్చుకుంటే అది లోపలిదాకా పోయిందని అర్థం, ఆ ముక్క మార్చాల్సిందే. పైపైన ఉంటే స్కాచ్‌బ్రైట్ లేదా అల్యూమినియం ఆక్సైడ్ కాగితంతో రుద్దండి. స్టీల్ ఉన్ని అసలు వాడొద్దు, దాని ఇనుప రజను అల్యూమినియంలో దిగబడి కొత్త తుప్పుకు విత్తనం అవుతుంది. రేకు మీద కొలతలు సీసం పెన్సిల్‌తో గీయొద్దు. గ్రాఫైట్ గీసిన చోట తడి తగిలితే, గీత పొడవునా రేకు తినేస్తుంది. మార్కర్ పెన్ను వాడండి.

పాలిష్‌తో అద్దంలా మెరిపించాలనే తపన చాలామందికి ఉంటుంది. విమానం రేకు మిశ్రమలోహం, దాని మీద స్వచ్ఛమైన అల్యూమినియం పూత ఉంటుంది, ఒక్కో వైపు మందంలో సుమారు 5 శాతం. 0.8 మి.మీ. రేకుకు అది 0.04 మి.మీ. మాత్రమే. మిషన్‌తో పదేపదే పాలిష్ పట్టిస్తే రక్షణ పొరే పోతుంది. రుద్దిన చోట ఫాస్ఫారిక్ యాసిడ్ ద్రావణంతో కడిగి, నీళ్లతో బాగా తొలిచి, క్రోమేట్ పూత వేసి, ఆరాక ఎపాక్సీ ప్రైమర్ కొట్టాలి. క్రోమేట్ విషం. గ్లౌజులు, మాస్కు లేకుండా ముట్టొద్దు, కడిగిన నీళ్లు పొలాల్లోకి, చెరువుల్లోకి పోనివ్వొద్దు.

ఇక రివెట్లు. చుట్టూ నల్లటి చార కనిపిస్తే ఆ రివెట్ వదులైందని గుర్తు. బస్ బాడీ షెడ్లలో వాడే పాప్ రివెట్లు ఇక్కడ పనికిరావు. లోపల బోలు లేని గట్టి రివెట్లే కావాలి. తల మధ్యలో చిన్న గుంట ఉన్నది 2117 రకం అల్యూమినియం మిశ్రమలోహం, చల్లగానే కొట్టొచ్చు. రెండు ఉబ్బెత్తు గీతలున్నది 2024 రకం. దాన్ని వేడిచేసి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, బయటికి తీసిన కొన్ని నిమిషాల్లోనే కొట్టాలి. మన ఎండలో అది ఇంకా త్వరగా బిగుసుకుంటుంది, ఆలస్యమైతే పగులుతుంది.

పాత రివెట్ తీయడానికి తల మధ్యలో పంచ్ కొట్టి, తల మందం వరకే డ్రిల్ చేసి, పంచ్‌తో తల విరిచి, వెనక దన్ను పెట్టి కాడ కొట్టేయండి. రేకు దాకా డ్రిల్ దిగితే రంధ్రం పెద్దదైపోతుంది. కొత్త రివెట్ లెక్క సులభం. వ్యాసం దళసరి రేకు మందానికి మూడు రెట్లు. పొడవు రెండు రేకుల మందానికి వ్యాసంలో ఒకటిన్నర రెట్లు కలిపితే వచ్చేది. 0.8 మి.మీ. రేకులు రెండు కలిపితే 2.4 మి.మీ. రివెట్, 5.2 మి.మీ. పొడవు, 2.5 మి.మీ. డ్రిల్ బిట్. అంచు నుంచి రంధ్రం మధ్యకు కనీసం 4.8 మి.మీ. వదలాలి. కొట్టాక వెనక తల వెడల్పు 3.6, ఎత్తు 1.2 మి.మీ. ఉంటే సరైనది. తల ఒక పక్కకు వాలితే వెనక దన్నుగా పెట్టిన ఇనుప దిమ్మె (బకింగ్ బార్) నిటారుగా లేదని అర్థం.

విమానాన్ని తిప్పడానికి కదిలే పలకల మీద, అంటే రెక్కల అంచున ఉండే ఎలిరాన్లు, తోక దగ్గరి ఎలివేటర్లు, రడ్డర్ మీద రేకు ఉండదు, బట్ట ఉంటుంది. ఆ రోజుల్లో వాడింది గ్రేడ్-ఎ నూలు బట్ట, అంగుళానికి 80 నుంచి 84 పోగులు. వరంగల్ కొత్తవాడలో మగ్గం ముందు కూర్చునేవాళ్లకు ఈ లెక్క వివరించక్కర్లేదు. ఇప్పుడు పాలిస్టర్ బట్ట ఎక్కువగా వాడతారు, ఇస్త్రీపెట్టెతో ముడుచుకునేలా బిగిస్తారు. వేడి 175 డిగ్రీలు దాటితే బట్ట పాడవుతుంది, ఇస్త్రీపెట్టె డయల్‌ను నమ్మక థర్మామీటర్‌తో చూసుకోండి. నూలు బట్ట బిగువెక్కడానికి డోప్ అనే వార్నిష్ లాంటి పూత పూస్తారు. గాలిలో తేమ 70 శాతం దాటితే డోప్ తెల్లగా పాలిపోతుంది, బలం కూడా పోతుంది. కాబట్టి జూలై నుంచి సెప్టెంబరు దాకా డోప్ డబ్బా తెరవొద్దు. నవంబరు, ఫిబ్రవరి మధ్య, మంచు విడిచాక పొద్దున పదింటి తర్వాత పని పెట్టుకోండి. డోప్ పెట్రోలులా అంటుకుంటుంది, షెడ్డులో బీడీ కూడా వెలగకూడదు.

ఇంజిన్ పద్నాలుగు సిలిండర్ల ట్విన్ వాస్ప్, రెండు వరుసల్లో ఏడేసి. ఏళ్లుగా నిలిచిన ఇంజిన్‌లో నూనె కింది సిలిండర్లలోకి దిగి ఉంటుంది. ఫ్యాన్ (ప్రొపెల్లర్) తిప్పే ముందు, ప్లగ్గులకు కరెంటు ఇచ్చే మాగ్నెటో తీగలు ఎర్త్ అయ్యాయో లేదో చూడండి, తెగి ఉంటే స్విచ్ ఆపినా నిప్పురవ్వ వస్తుంది. కింది సిలిండర్ల ప్లగ్గులు తీసి నూనె కారనివ్వండి. తర్వాత చేత్తో మెల్లగా, తిరగాల్సిన దిశలోనే తిప్పండి. అడ్డుపడితే బలం వాడొద్దు, వెనక్కీ తిప్పొద్దు. వెనక్కి తిప్పితే నూనె ఇన్‌టేక్ గొట్టంలోకి పోయి, తర్వాత మళ్లీ సిలిండర్‌లోకే వస్తుంది, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. శుభ్రమయ్యాక ప్రతి సిలిండర్‌లో తుప్పు నిరోధక నూనె చిలకరించండి. చిలకరించాక ఫ్యాన్ కదపొద్దు, కదిపితే గోడల మీది పొర తుడిచిపెట్టుకుపోతుంది. ప్లగ్గుల స్థానంలో తేమ పీల్చే సిలికా జెల్ గొట్టాలు బిగించి, ఎగ్జాస్టు మూతులు మూసేయండి.

చివరి పని కట్టివేయడం. తోక చక్రం మీద కూర్చున్న డకోటా రెక్కలు గాలికి ఎదురుగా లేచే కోణంలోనే ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో వడగళ్లతో వచ్చే ఈదురుగాలికి అది చాలు. రెండు రెక్కల కింద, తోక దగ్గర కాంక్రీటు దిమ్మెలకు గొలుసులు వేయండి, ఎలిరాన్లకు, రడ్డర్‌కు తాళాలు పెట్టండి. వానాకాలంలో పది రోజులకోసారి సిలికా జెల్ చూడండి. నీలం రంగు గులాబీకి తిరిగితే దాన్ని తీసి, ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర మళ్లీ నీలమయ్యేదాకా వేడిచేసి, చల్లారాక తిరిగి బిగించండి.