ఆసుపత్రిలో నిర్లక్ష్యం అనిపిస్తే ముందు కేస్ షీట్ చేతికి తెచ్చుకోండి

బెంగళూరులో మా అత్తయ్యకి మోకాలి ఆపరేషన్ తర్వాత ఇన్‌ఫెక్షన్ ముదిరింది. ఆ కేసు కాగితాలన్నీ నేనే చూశాను. అందుకే చెబుతున్నా, టెన్షన్‌లో డాక్టరుతో గొడవకి దిగకండి, కేస్ షీట్ అడగండి. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే చాలదు. నర్సులు రాసే చార్టు, మత్తు డాక్టరు నోట్స్, మనం సంతకం పెట్టిన అంగీకార పత్రం, అన్నీ కావాలి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 వైద్య మండలి నిబంధనల్లో ఉంది. అర్జీ నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. అత్తయ్య చార్టులో రాత్రంతా జ్వరం 102 అని ఉంది, డాక్టరును పిలిచినట్టు ఒక్క ముక్క లేదు. మా కేసంతా ఆ పేజీ మీదే నిలబడింది.

తర్వాత వేరే ఆసుపత్రిలో అదే విభాగం డాక్టరు అభిప్రాయం రాతలో తీసుకోండి. నయం కానంత మాత్రాన నిర్లక్ష్యం అయిపోదు.

వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. 2019 చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. వైద్యం బెంగళూరులో జరిగినా అనంతపురం వాళ్లు అనంతపురంలోనే వేసుకోవచ్చు, ముసలివాళ్లకి ఇది పెద్ద ఊరట. కట్టిన బిల్లు 50 లక్షలు దాటకపోతే జిల్లా కమిషన్ చాలు. అందరికీ పూర్తి ఉచితంగా చూసే ఆసుపత్రి మీద మాత్రం ఈ దారి లేదు.

పోలీసు కేసంటే, 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఘోరమైన నిర్లక్ష్యమే చూపించాలి.