సైక్లోన్ అనే మాటను విడదీసి పలకడం ఎలా?

కార్తీక మాసంలో వాయుగుండం వార్త వచ్చినప్పుడల్లా కోనసీమ ఇళ్లలో ఈ మాట వినబడుతుంది కాబట్టి, ఇంగ్లీషు పదాన్ని విడదీయడం పిల్లలకు నేర్పడానికి దీనితో మొదలుపెట్టడం మంచిది.

ముందుగా సి, వై, సి, ఎల్, ఓ, ఎన్, ఇ అని ఏడక్షరాలనూ రాయించాలి. పలికే అచ్చులు ఎన్నో సిలబుల్స్, అంటే ఒక్క ఊపులో పలికే మాట ముక్కలు, అన్నే. ఇక్కడ వై, ఓ మాత్రమే పలుకుతాయి. చివరి ఇ తాను పలకకుండా ముందున్న ఓను దీర్ఘం చేస్తుంది. కనుక సిలబుల్స్ రెండు. ఛందస్సులో సంయుక్తాక్షరానికి ముందున్నదాన్ని గురువుగా లెక్కించే మన చెవికి సైక్-లోన్ అని తోచడం సహజమే కానీ, క్లాక్, క్లీన్ వంటి మాటల్లాగా సి, ఎల్ జంటతో ఇంగ్లీషు మాట మొదలుకాగలదు కాబట్టి ఆ జంటను విడగొట్టకుండా సై-క్లోన్ అని విడదీయాలి.

పలికేటప్పుడు ఊనిక, అంటే గొంతు బలం, సై మీద ఉండాలి. చివర నాలుక పైపళ్ల వెనుక ఆనిన చోటే మాట ముగియాలి. ఆ తరువాత పెదవులు గుండ్రంగా ముందుకు వచ్చాయంటే ఉకారం చేరి సైక్లోను అయిందన్నమాట. తెలుగులో మాట్లాడుతున్నప్పుడు అది ఎంతో ఇంపైన రూపమే, ఇంగ్లీషులో మాత్రం మూడో సిలబుల్ అవుతుంది.

ఒకే మాటలో సి ఒకచోట స, మరొకచోట క ఎందుకయిందని పిల్లలు తప్పక అడుగుతారు. ఇ, ఐ, వై ముందు అది సాధారణంగా సకారం, ఎల్ ముందు కకారం. అయితే మూలంలో రెండూ కకారాలే. 1839 నవంబరులో కోరింగ రేవును తుపాను ముంచెత్తిన తొమ్మిదేళ్లకు, బంగాళాఖాతపు తుపానులను పరిశీలించిన కలకత్తా నివాసి హెన్రీ పిడింగ్టన్, నావికుల కోసం 1848లో వెలువరించిన గ్రంథంలో ఈ మాటను ప్రవేశపెట్టారు. సుడి తిరిగే గాలిని పాముచుట్టతో పోల్చి, వలయమనే అర్థమున్న గ్రీకు కుక్లోస్ నుంచి దాన్ని కల్పించారు. ఆ కుక్లోస్, మన చక్రం ఒకే మూలధాతువు నుంచి పుట్టినవని భాషాశాస్త్రం చెబుతుంది. రెండింటిలోని కకారాన్ని పక్కపక్కన పలికించి చూపితే పిల్లలు ఇట్టే పట్టుకుంటారు.

ఇది వచ్చాక సైక్లానిక్ అనే రూపాన్ని ఇవ్వాలి: సై-క్లా-నిక్ అని మూడు సిలబుల్స్, ఊనిక రెండోదాని మీదికి జరుగుతుంది. ఆ వెంటనే సైకిల్, బైసికిల్ పలికిస్తే, ఊనిక తప్పిన చోట సై కాస్తా సిగా కుదించుకుపోవడం వారి చెవికే తెలుస్తుంది.