వెబ్ డిజైన్ నేర్చుకోవాలా? ముందు ఒక్క పేజీ చెయ్యండి

విశాఖ ద్వారకానగర్‌లో ఏదో కోర్సుకి ఫీజు కట్టే ముందు ఒక నెల ఇంట్లోనే ప్రయత్నించండి, ఎందుకంటే మొదట్లో కావలసిన బ్రౌజర్, కోడ్ రాసుకునే వీఎస్ కోడ్ అనే సాఫ్ట్‌వేర్ రెండూ ఉచితమే.

మీ వీధి చివర టిఫిన్ బండి ఉంటుంది కదా, దానికే పేజీ చెయ్యండి. ముందు కాగితం మీద గీయండి: బండి పేరు, ఇడ్లీ, పెసరట్టు ధరలు, ఎన్ని గంటల దాకా ఉంటుంది, ఫోన్ చేసే బటన్. ఆ విషయమంతా పేజీలో ఏముండాలో చెప్పే హెచ్‌టీఎంఎల్‌లో రాసి, రంగులూ సైజులూ అది ఎలా కనబడాలో చెప్పే సీఎస్ఎస్‌లో పెట్టండి. పేజీలో కదలికలూ మార్పులూ తెచ్చే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్ జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు.

తెలుగు పేజీకి రెండు జాగ్రత్తలు. హెచ్‌టీఎంఎల్ కోడ్ పైభాగంలో యూటీఎఫ్-8 (తెలుగుతో సహా అన్ని భాషల అక్షరాలనూ కంప్యూటర్ దాచుకునే పద్ధతి) అని చెప్పాలి, లేకపోతే అక్షరాలు పిచ్చి గుర్తుల్లా కనబడొచ్చు. ఇక లైన్ హైట్, అంటే ఒక్కో లైనుకి ఇచ్చే ఎత్తు. ఇంగ్లీషుకి అక్షరం సైజుకి 1.2 రెట్లు సరిపోవచ్చు గానీ మనకి కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి, నేను మొదటిసారి అలాగే వదిలేస్తే "రాష్ట్రం"లో కింది వత్తు తర్వాతి లైన్‌లోని గుడికి తగిలి చదవడానికే చిరాకేసింది, 1.7 పెట్టగానే హాయిగా ఉంది. ఇది నిజంగా పట్టించుకోండి, మనవాళ్ళు చదవాలి కదా.

పేజీ అయ్యాక మిట్టమధ్యాహ్నం బీచ్ రోడ్డు మీద నిలబడి ఫోన్‌లో తెరవండి. లేత బూడిద రంగు అక్షరాలు ఆ ఎండలో అస్సలు కనబడవు. అక్షరానికీ వెనక రంగుకీ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలి. అది సరిచేసి వెబ్ పేజీలు నెట్‌లో పెట్టుకునే గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగా పెట్టేసి, లింకు ఆ బండాయనకే పంపండి.