రెండు యూనిట్ పద్ధతులు కలిపేసిన ఫిజిక్స్ పుస్తకంతో నా అనుభవం

బీఎస్సీలో మాకు పెట్టిన ఎలక్ట్రోమాగ్నెటిజం పుస్తకం చాలా ఇబ్బంది పెట్టింది. కూలుంబ్ సూత్రంలో (రెండు చార్జిల మధ్య బలాన్ని చెప్పేది) ఉన్న నాలుగు పై, ఎప్సిలాన్ నాట్ అనే స్థిరాంకం, డైఎలెక్ట్రిక్స్ (విద్యుత్ బంధకాలు) అధ్యాయానికి వచ్చేసరికి మాయం. పైగా అక్కడ డి (డిస్‌ప్లేస్‌మెంట్) అంటే 'ఈ ప్లస్ నాలుగు పై పి' అని ఉంది; ఈ అంటే విద్యుత్ క్షేత్రం, పి అంటే పోలరైజేషన్. ఎందుకు మారిందో ఒక్క మాట కూడా రాయలేదు. పరీక్షల ముందు టెన్షన్ అంతా దీనివల్లే.

కూలుంబ్ సూత్రం రాసింది ఎస్‌ఐ (మీటర్, కిలోగ్రామ్, సెకండ్) యూనిట్ పద్ధతిలో, డైఎలెక్ట్రిక్స్ అధ్యాయం గాసియన్ సీజీఎస్ (సెంటీమీటర్, గ్రామ్, సెకండ్) పద్ధతిలో. అందుకే ప్రతి అధ్యాయంలో ముందు గాస్ నియమం (మూసిన ఉపరితలం గుండా వెళ్ళే విద్యుత్ క్షేత్రాన్ని లోపలి చార్జితో కలిపేది) వెతికాను. కుడివైపు చార్జిని ఎప్సిలాన్ నాట్‌తో భాగిస్తే ఎస్‌ఐ, నాలుగు పైతో గుణిస్తే గాసియన్. అయస్కాంత బలం దగ్గర వేగాన్ని కాంతి వేగంతో భాగించినా గాసియనే. ఏ పద్ధతో పేజీ అంచున పెన్సిల్‌తో రాసుకున్నాను. లెక్కల్లో ఇచ్చిన విలువలన్నీ మొదటే ఎస్‌ఐలోకి మార్చేదాన్ని: అయస్కాంత క్షేత్రానికి 10,000 గాస్‌లు ఒక టెస్లా, చార్జికి ఒక కూలుంబ్ అంటే దాదాపు 300 కోట్ల ఈఎస్‌యూ (గాసియన్ చార్జి యూనిట్).

అన్నిటికంటే ప్రమాదం అయస్కాంత ససెప్టిబిలిటీ (అయస్కాంత క్షేత్రంలో పదార్థం ఎంత అయస్కాంతీకరణ చెందుతుందో చెప్పే సంఖ్య) పట్టికలతో. దానికి యూనిట్లే లేవు కాబట్టి డైమెన్షన్లు సరిచూసినా తేడా దొరకదు. గాసియన్ విలువను నాలుగు పైతో, అంటే సుమారు 12.57తో గుణిస్తేనే ఎస్‌ఐ విలువ వస్తుంది. పట్టిక కింద పద్ధతి పేరు లేకపోతే నీటి విలువ చూడండి: మైనస్ 9 చుట్టూ, పది పవర్ మైనస్ ఆరుతో ఉంటే అది ఎస్‌ఐ పట్టిక.