సొంతంగా ఎల్‌సీ-ఎంఎస్ – 4వ భాగం: కోన్ కడిగేటప్పుడు కొత్త మురికి అంటకుండా

పోయిన భాగంలో బ్లాంక్ రన్ (శాంపిల్ లేకుండా వట్టి సాల్వెంట్ నడపడం) చదవడం చూశాం. ఇప్పుడు ఎల్‌సీ-ఎంఎస్ (ద్రావణంలోని పదార్థాలను విడదీసి, వాటి అణువుల బరువు కొలిచే యంత్రం) సోర్స్, అంటే శాంపిల్ అయాన్లుగా మారే చోటు, విప్పుదాం. సిగ్నల్ పడిపోయిందని కోన్ (అయాన్లు లోపలికి వెళ్లే సన్నని రంధ్రం ఉన్న లోహపు భాగం) తీసి కడుగుతాం, తీరా బిగించాక బ్యాక్‌గ్రౌండ్ ఇంకా పెరుగుతుంది. ఆ మురికి శాంపిల్‌తో రాలేదు, కడిగిన మనతోనే వచ్చింది.

కాబట్టి స్పానర్ పట్టకముందే ఒక బ్లాంక్ నడిపి సేవ్ చేసుకోండి. తర్వాత పోల్చుకోవడానికి అదొక్కటే ఆధారం.

వోల్టేజ్, హీటర్లు ఆపి సోర్స్ పూర్తిగా చల్లారనివ్వండి. ఐసొలేషన్ వాల్వ్ ఉన్న మోడల్ అయితే వాక్యూమ్ పోకుండానే కోన్ తీయొచ్చు. లేకపోతే వెంట్ చేయాల్సిందే (లోపలికి గాలి వదిలి వాక్యూమ్ తీసేయడం). పౌడర్ లేని నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి. అవే గ్లౌజులతో మౌస్ పట్టుకుని, ఫోన్ చూసుకుని మళ్లీ కోన్ ముట్టుకుంటే మాత్రం వేసుకున్నా ఒకటే, లేకున్నా ఒకటే.

అసలు దొంగ బీకర్. అందరి గాజు సామానుతో పాటు సబ్బు నీళ్లలో కడిగిన బీకర్‌లో కోన్ వేయడమంటే, కడిగిన పళ్లాన్ని మసిగుడ్డతో తుడవడమే. డిటర్జెంట్ పొర గాజుకి అంటుకుని ఉంటుంది, ఎంత కడిగినా అంత తేలిగ్గా వదలదు. సోర్స్ భాగాలకని ఒక బీకర్ విడిగా పెట్టి, దానిమీద పేరు రాసి, సింక్ వైపు పోనివ్వకండి. (రాసినా ఎవరో ఒకరు పట్టుకెళ్తారు. బీరువాలో దాచుకోవడం మేలు.) అందులో ఎల్‌సీ-ఎంఎస్ గ్రేడ్ మిథనాల్, నీళ్లు సగం సగం పోసి, కోన్ కొన అడుగుకి తగలకుండా పైకి ఉంచి, 10 నిమిషాలు సోనికేట్ చేయండి (అల్ట్రాసౌండ్ తరంగాలతో మురికి వదిలించడం). సాల్వెంట్‌ను గాజు సీసాలోంచే పోయండి, ప్లాస్టిక్ వాష్ బాటిల్ వద్దు. ఆరబెట్టడానికి శుభ్రమైన నైట్రోజన్ వాడండి. కంప్రెసర్ గాలిలో నూనె తుంపరలు ఉండొచ్చు.

బిగించి, వేడెక్కి స్థిరపడ్డాక మళ్లీ బ్లాంక్ నడపండి. పాజిటివ్ మోడ్‌లో m/z (ద్రవ్యరాశిని విద్యుదావేశంతో భాగిస్తే వచ్చే సంఖ్య) 44 తేడాతో మెట్లు మెట్లుగా పీకులు కనిపిస్తే అది పీఈజీ (పాలీఇథిలీన్ గ్లైకాల్), ముందు సబ్బునే అనుమానించండి. 391 పెరిగితే ప్లాస్టిక్‌లోంచి వచ్చిన థాలేట్ (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనం). 445 అయితే సిలోక్సేన్ (సిలికోన్ రకం పదార్థం). ఇది ల్యాబ్ గాలిలోంచి కూడా వస్తుంది కాబట్టి, పాత బ్లాంక్‌లోనూ అంతే ఉంటే కంగారుపడి మళ్లీ విప్పకండి.

అభ్యాసం: ఒకే మిథనాల్‌ను గాజు వయల్‌లో కొంత, ప్లాస్టిక్ వాష్ బాటిల్‌లో కొంత రాత్రంతా ఉంచి, పొద్దున రెండూ నడిపి 391 దగ్గర తేడా రాసుకోండి. వచ్చే భాగంలో మొబైల్ ఫేజ్ (శాంపిల్‌ను యంత్రంలోకి మోసుకెళ్లే ద్రవం) సీసాల పని పడదాం.