‘ఒరాంజ’ ఎక్కడిది? భాషా దినోత్సవానికి ఒక మాట చార్టు

గిడుగు రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న పుట్టింది శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో. ఆ తేదీనే తెలుగు భాషా దినోత్సవం. శ్రీకాకుళం బడుల్లో ఆ రోజుకు చార్టు కట్టే పిల్లలకు, జామెన్‌హాఫ్ అనే ఆయన కల్పించిన ఎస్పెరాంటో భాషలోని ‘ఒరాంజ’ ఇవ్వండి. నారింజ రంగుకు అక్కడి మాట అది.

ముందు మాటను విరవాలి. ‘ఒరాంజ్’ ధాతువు. చివర ‘అ’ చేరిస్తే విశేషణం, ‘ఒ’ చేరిస్తే నామవాచకం. అంటే ‘ఒరాంజొ’ పండు, ‘ఒరాంజ’ రంగు. ఊనిక ‘రాం’ మీద పడాలి. దాని లిపిలో జి అక్షరం నెత్తిన చిన్న గొడుగు గుర్తు ఉంటుంది. అది చూసుకోకపోతే పిల్లలు ‘ఒరాంగ’ అని చదివేస్తారు.

తర్వాత డ్రాయింగ్ షీటు అడ్డంగా పరిచి ఆరు గళ్లు గీయండి. కుడి చివరి గడిలో ‘ఒరాంజ’, కింద 1887 (జామెన్‌హాఫ్ ఈ భాషను ప్రకటించిన ఏడు). దాని ఎడమ గడిలో ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ రాయండి. ధాతువులను జామెన్‌హాఫ్ యూరపు భాషల నుంచి తీసుకున్నాడు, ఈ మాట ఆ రెండింట్లోనూ ఉంది. అక్కడి నుంచి వెనక్కి ఇటాలియన్ ‘అరాంచా’, అరబీ ‘నారంజ్’, పారసీ ‘నారంగ్’, సంస్కృతం ‘నారంగ’.

అరబీలో ఉన్న ‘న’ ఇటాలియన్‌లో ఏమైందని పిల్లలు తప్పక అడుగుతారు. అక్కడ ‘ఒక’ అనే అర్థంలో ముందు వచ్చే ‘ఊన’లోని ‘న’తో కలిసి అది కరిగిపోయింది. స్పానిష్ మాటలో మాత్రం ‘న’ ఇప్పటికీ నిలిచే ఉంది. అందుకే స్పానిష్‌ను పక్క కొమ్మగా గీస్తే మార్పు కళ్లకు కడుతుంది.

ఎక్కువమంది తప్పు చేసేది సంస్కృతం గడి దగ్గరే. ‘నారంగ’కు మూలం ద్రావిడమని పండితుల అభిప్రాయం. అందుకని గడి ఎడమన చుక్కల గీత లాగి ‘ద్రావిడం’ అని రాయండి, నిండు గీత వద్దు. మన ‘నారింజ’ను ఆ చోట తల్లిగా కూర్చోబెట్టకండి. పోలిక ఉన్నంత మాత్రాన పుట్టుక తేలదు. దాన్ని కింద, బాణం లేకుండా, చుట్టంగా రాయండి.

ఇంకొకటి. సంతలో కమలాపండు అని కొన్నా రంగు చెప్పేటప్పుడు నారింజ అనే అంటాం. ఇంగ్లీషులోనూ పండు పేరు ముందు, రంగు పేరు తర్వాత. కాబట్టి ప్రతి గడిలో పండు బొమ్మే వేయించండి. రంగు నింపేది చివరి రెండు గళ్లకే.